దొరికితేనే పుస్తకం

తండా బడిలో గ్రంథాలయం అంటే ఒక ఇనుప బీరువా. అందులో నూరో నూటయాభయ్యో పుస్తకాలు ఉంటాయి. వాటికి ఒక రిజిస్టరు ఉంటుంది. ఏ పుస్తకం ఎప్పుడు వచ్చింది, ఎవరు రాశారు, ఎవరికి ఇచ్చాం, ఏది చిరిగింది, ఏది చెదలు తిన్నది, అన్నీ అందులో రాసిపెడతాం. ఏడాదికి ఒకసారి లెక్క చూసుకుంటాం. అదే బడిలో పనిచేసే మాస్టారు ఫోన్లో చూస్తే మూడు నాలుగు వందల పుస్తకాలు ఉంటాయి. బీరువా కంటే ఫోనే పెద్ద గ్రంథాలయం. కానీ ఆ గ్రంథాలయానికి రిజిస్టరు లేదు. పిల్లవాడు వచ్చి ఫలానా కథ కావాలి సార్ అని అడిగితే, అది ఫోన్లో ఉన్నట్టు గుర్తే గానీ ఎక్కడుందో తెలియదు. వెతికేలోపు బెల్లు కొడతారు.

ఉండడం వేరు, దొరకడం వేరు. పుస్తకం మన దగ్గర ఉండి, కావలసిన పూట కావలసిన బిడ్డ చేతికి అందకపోతే అది లేనట్టే లెక్క. ఈ వ్యాసం ఆ దొరకడం గురించే.

మేము అంటే పాత కర్నూలు, పాత కడప జిల్లాల్లోని తండాల్లో, గూడేల్లో పనిచేసే కొందరు గిరిజన ఉపాధ్యాయులం. 2022లో జిల్లాలు విడిపోయి మాలో కొందరం నంద్యాల, అన్నమయ్య జిల్లాల లెక్కలోకి పోయినాం గానీ, పని మాత్రం కలిసే చేసుకుంటున్నాం. ఎక్కువమందిమి సుగాలీలం. ఎరుకల మాస్టార్లు ఇద్దరు, నల్లమల అంచున పనిచేసే చెంచు మాస్టారు ఒకరు ఉన్నారు. బి.తాండ్రపాడు డైట్‌లోనో, రాయచోటి డైట్‌లోనో టీచర్ ట్రైనింగ్ చేసినవాళ్లం. వయసులు నలభై దాటినాయి. మా చదువు జిరాక్స్ నోట్సుల మీద నడిచింది. ఇప్పుడు మా చేతుల్లో పోగుపడినవన్నీ ఈపుస్తకాలు. వాటిని ఒక వరసలో పెట్టే పని కొన్నేళ్లుగా చేస్తున్నాం.

సుగ్గికి పోయే పుస్తకాలు

ఈ పని మొదలవడానికి కారణం సరదా కాదు, సుగ్గి. మా పడమటి మండలాల్లో వర్షం నమ్ముకున్న సేద్యం. బుడ్డలు పండినా పండకపోయినా సంక్రాంతి ముందూ వెనకా ఇళ్లకు తాళాలు పడతాయి. మిరపకాయ కోతలకు గుంటూరు వైపు కొందరు, బేల్దారి పనులకు బెంగళూరు, హైదరాబాదు కొందరు పోతారు. ముసలివాళ్లు ఉన్న ఇంట్లో పిల్లలు ఉండిపోతారు. సీజనల్ హాస్టల్లో కొందరు నిలుస్తారు. మిగిలినవాళ్లు తల్లిదండ్రుల వెంట పోతారు. మిరప చేను గట్టున గుడారంలో రెండు మూడు నెలలు ఉంటారు. వంటసామాను, దుప్పట్లు, చిన్నబిడ్డ ఉయ్యాల మూటల్లోకి ఎక్కుతాయి. బడిసంచి చాలాసార్లు ఎక్కదు.

కానీ ఫోను పోతుంది. ప్రతి కుటుంబంలో ఒక స్మార్ట్‌ఫోను ఉంది. కూలి లెక్క, మేస్త్రీతో మాటలు, పాటలు, సినిమాలు అన్నీ అందులోనే. అందుకని మూటలు కట్టే వారంలో తండ్రులనో అన్నలనో ఫోను తెమ్మని అడుగుతాం. అందులో ఒక ఫోల్డరు పెడతాం. దానికి సుగ్గి సంచి అని పేరు. ఆ తరగతి తెలుగు, లెక్కల పుస్తకాల్లో మిగిలిన పాఠాలు, పది పన్నెండు చిన్న కథల పుస్తకాలు, ఎక్కాలు, మా అవ్వల గొంతులో కథలు కొన్ని అందులో ఉంటాయి. గుడారాల దగ్గర సిగ్నల్ ఉంటుందో లేదో తెలియదు, డేటా ప్యాక్ ఎప్పుడు అయిపోతుందో తెలియదు. అందుకే లింకులు పంపం, ఫైళ్లే ఎక్కిస్తాం.

ఒక ఏడాది నాలుగో తరగతి పిల్లవాడు ఉగాది తర్వాత తిరిగొచ్చి, రెండో భాగం ఏది సార్ అని అడిగాడు. ఏ పుస్తకానికి రెండో భాగం అని అడిగితే పేరుతో సహా చెప్పాడు. పేరు చెప్పగలిగాడంటే, ఫైలుకు పేరు ఉన్నందువల్లే చెప్పగలిగాడు. వాట్సాప్‌లో వచ్చే పుస్తకానికి పేరు ఉండదు. డీఓసీ అని, ఒక తేదీ, డబ్ల్యూఏ అని, ఒక అంకె. ఆ అంకెను బిడ్డ ఎట్లా గుర్తుపెట్టుకుంటాడు?

పుస్తకాలు వచ్చే దారులు

మా దగ్గరికి పుస్తకాలు నాలుగు దారుల్లో వస్తాయి. ఒకటి ప్రభుత్వం దారి. పాఠ్యపుస్తకాల పీడీఎఫ్‌లు ఉన్నాయి. 2017లో వచ్చిన దీక్ష యాప్ ఉంది, పుస్తకంలోని క్యూఆర్ కోడ్ చూపిస్తే పాఠం తెరుచుకుంటుంది. 2022 డిసెంబరులో ఎనిమిదో తరగతి పిల్లలకు ట్యాబులు కూడా వచ్చాయి. రెండోది వాట్సాప్ గుంపుల దారి. మూడోది కొనుక్కునే దారి. తెలుగులో ఈపుస్తకాలు అమ్మే కినిగె 2010లో మొదలైంది. నాలుగోది పాత పుస్తకాల దారి. మా పనికి ఇదే ఎక్కువ అక్కరకొచ్చింది, ఇదే ఎక్కువ కష్టపెట్టింది.

పాత తెలుగు పుస్తకాలను వేలకు వేలు స్కాన్ చేసినది డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా. ఆ పుస్తకాల పేర్లు ఇంగ్లిషు అక్షరాల్లో, ఒక్కొక్కరు ఒక్కో తీరుగా ఎక్కించారు. దీర్ఘానికి ఒకచోట రెండు అక్షరాలు, ఇంకోచోట ఒకటి. రచయిత పేరు ఉండాల్సిన తావులో ఒక్కోసారి ఏమీ ఉండదు. తెలుగు వికీపీడియాలో పనిచేసే ఔత్సాహికులు కూర్చొని ఆ పుస్తకాలకు తెలుగులో జాబితాలు రాశారు. ఆ జాబితా రాకముందు కూడా పుస్తకాలు ఉన్నాయి, వెతికేవాడికి మాత్రం లేవు.

ఆ కథలో ఇంకో సంగతి ఉంది. 2010ల చివరికల్లా ఆ సైటు అందకుండా పోయింది. అంతకుముందే కార్ల్ మలముద్ అనే అమెరికా ఆయన ఆ పుస్తకాల ప్రతులు తీసి ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో పెట్టించాడు. నాలుగు లక్షలకు పైగా పుస్తకాలు. ఇవాళ మనం దించుకుంటున్న పాత తెలుగు పుస్తకాల్లో చాలావాటి పేర్లలో డీఎల్ఐ అనే మూడు అక్షరాలు కనిపించేది అందుకే. రెండో చోట ప్రతి లేకుంటే ఆ పుస్తకాలు మన ఫోన్లదాకా వచ్చేవి కావు.

కొన్న పుస్తకం అయితే భద్రం అనుకుంటాం. అదీ పూర్తిగా నిజం కాదు. కొన్ని యాప్‌లలో కొన్న పుస్తకం ఆ యాప్‌లో తప్ప ఇంకెక్కడా తెరుచుకోదు. 2009 జులైలో అమెజాన్ తన కిండిల్ పరికరాల నుంచి జార్జ్ ఆర్వెల్ నవల 1984 ప్రతులు కొన్నిటిని తీసేసింది. అమ్మినవాళ్లకు దానిమీద హక్కు లేదని తెలిసి, కొన్నవాళ్లకు డబ్బు వాపసు ఇచ్చింది. డబ్బు వచ్చింది, పుస్తకం పోయింది. అందుకని మేము కొనేటప్పుడు, ఫైలు మన దగ్గర నిలుస్తుందా, లేక అద్దె ఇల్లు మాదిరిగా వాళ్ల యాప్‌లోనే ఉంటుందా అని ముందే చూసుకుంటాం.

కడపలో జరిగిన పని

పుస్తకాలు నాలుగు చోట్ల చెదిరి ఉన్నప్పుడు వాటిని ఒకటిగా పట్టి ఉంచేది ఏది? ఈ ప్రశ్నకు జవాబు మన సీమలోనే ఉంది.

కాలిన్ మెకంజీ అనే ఈస్టిండియా కంపెనీ సర్వే అధికారి రెండువందల ఏళ్ల కింద ఊరూరికీ మనుషులను పంపి, కరణాల నోటా పెద్దల నోటా ఊళ్ల చరిత్రలు రాయించాడు. అవే కైఫియత్తులు. కావలి బొర్రయ్య, కావలి లక్ష్మయ్య అనే తెలుగు అన్నదమ్ములు ఆ పనికి వెన్నెముక. 1821లో మెకంజీ చనిపోయినాక ఆ సేకరణ లండన్, కలకత్తా, మద్రాసుల మధ్య చీలింది. దానికి హెచ్.హెచ్. విల్సన్ 1828లో ఒక జాబితా అచ్చువేశాడు. కాగితాలు మూడు ఊళ్లలో ఉన్నా, ఆ జాబితా చూస్తే మొత్తం ఏమేం ఉన్నాయో తెలిసేది.

తర్వాత మద్రాసులో ఉన్న కాగితాలు పురుగు తిని పొడి అవుతుంటే వాటికి కొత్త ప్రతులు రాయించినవాడు సి.పి. బ్రౌన్. అదే బ్రౌన్ 1820లో కడపకు ఉద్యోగానికి వచ్చినవాడు. కడపలో బంగళా కొని, సొంత డబ్బుతో పండితులను పెట్టుకుని, ఒకే పుస్తకానికి దొరికిన తాటాకు ప్రతులన్నీ తెప్పించి, పక్కపక్కన పెట్టి పోల్చి, శుద్ధప్రతి రాయించాడు. 1829లో వేమన పద్యాలు 693 అచ్చులోకి వచ్చింది ఆ తీరు పని వల్లే. ఆ బంగళా ఉన్న తావులోనే ఇప్పుడు బ్రౌన్ గ్రంథాలయం ఉంది, యోగి వేమన విశ్వవిద్యాలయం కింద నడుస్తోంది. కడప కైఫియత్తులను సంపుటాలుగా అచ్చువేసినది కూడా ఆ కేంద్రమే.

మేము ఆ గ్రంథాలయానికి పోయినప్పుడు రెండు సంగతులు మనసులో పెట్టుకుని తిరిగొచ్చాం. మొదటిది, ప్రతులు ఎన్ని తావుల్లో ఉన్నా జాబితా ఒక్కటే ఉండాలి. రెండోది, పాతది చెడకముందే కొత్త ప్రతి తీయాలి. కంప్యూటరు వచ్చినా ఈ రెండూ మారలేదు.

ఇంకొక సంగతి కూడా తోచింది. కైఫియత్తు ఊరికి రాసినది. ఉప్పు, ధాన్యం ఎద్దుల మీద వేసుకుని ఊరూరూ తిరిగిన మా తాతల కాలం సుగాలీలకు ఊరు ఎక్కడిది? అడవిలో ఉన్న చెంచులకు కరణం ఎక్కడివాడు? ఆ పుస్తకాల్లో మేము ఇతరుల కథల మధ్య అక్కడొక మాట, ఇక్కడొక మాటగా కనిపిస్తాం. మా పేరుతో ఒక పుట దొరకడం కష్టం.

మూడు పెట్టెలు

మా తండా నుంచి ఇంటర్ చదువుతున్న ఒక అమ్మాయి ప్రాజెక్టు పని కోసం మా జాతి చరిత్ర నెట్‌లో తనే వెతుక్కుంది. ఎడ్గర్ థర్‌స్టన్ 1909లో ఏడు సంపుటాలుగా తెచ్చిన దక్షిణ భారత కులాలు, తెగల పుస్తకం దొరికింది. అందులో నాలుగో సంపుటంలో లంబాడీల గురించి ఉంది. ఆ అమ్మాయి అది చదువుకుని వచ్చి అడిగింది. "సార్, ఇంతపెద్ద పుస్తకంలో మనల్ని దొంగలమాదిరి రాసినారే, మరి ఇది లైబ్రరీలో ఎందుకు పెట్టుకోవాల?"

ఆ ప్రశ్నకు జవాబు చెప్పడానికి మాకు ఒక ఆదివారం పట్టింది. పదిమందిమి కూర్చొని మాట్లాడుకున్నాం. పుస్తకం తీసేద్దామన్నవాళ్లు ఉన్నారు. తీసేస్తే మన తాతల పాటలు, దుస్తులు, ఎద్దుల బిడారాలు, ఆచారాల గురించి వందేళ్ల కింద రాసిన నాలుగు మాటలు కూడా పోతాయన్నవాళ్లు ఉన్నారు. ఎరుకల మాస్టారు ఒక మాట అన్నాడు. "పుస్తకం తీసేస్తే మన పిల్లలు దాన్ని బయట చదువుతారు. పక్కన మనం లేకుండా చదువుతారు."

ఆయన ఎందుకు అన్నాడో అందరికీ తెలుసు. 1871లో బ్రిటిష్‌వాళ్లు నేరస్థ తెగల చట్టం చేశారు. 1911 చట్టంతో అది మద్రాసు ప్రెసిడెన్సీకి వచ్చింది. ఎరుకలవాళ్లను పుట్టుకతోనే దొంగలని రిజిస్టర్లలో ఎక్కించారు, హాజరు వేయించారు, సెటిల్మెంట్లలో పెట్టారు. 1952 ఆగస్టు 31న ఆ ముద్ర చట్టంలోంచి పోయింది. పుస్తకాల్లోంచి పోలేదు. ఇప్పటికీ కొన్ని పెద్ద గ్రంథాలయాల జాబితాల్లో మన గురించిన పుస్తకాలు నేరస్థ తెగలు అనే శీర్షిక కిందే దొరుకుతాయి. అంటే మన పిల్లలు మనల్ని వెతుక్కోవాలంటే ఆ మాట కొట్టి వెతకాలి.

ఆ రోజు మేము మా జాబితాను మూడు పెట్టెలుగా విడగొట్టాం. మొదటి పెట్టె, మన గురించి ఇతరులు రాసినవి. థర్‌స్టన్ అందులో ఉన్నాడు. 1875లో గ్రిబుల్ రాసిన కడప జిల్లా మాన్యువల్, 1886లో గోపాలకృష్ణమచెట్టి రాసిన కర్నూలు జిల్లా మాన్యువల్ అందులో ఉన్నాయి. రెండో పెట్టె, మనవాళ్లు రాసినవి. గిరిజన రచయితల కథలు, కవితలు, ఇట్లాంటి చిన్న పుస్తకాలు, పరిశోధనలు. మూడో పెట్టె, మనవాళ్ల నోట విన్నవి. అవ్వలు, తాతలు చెప్పినవి, మేము రికార్డు చేసినవి, రాసుకున్నవి.

మొదటి పెట్టెలోని ప్రతి ఫైలు ముందు ఒక పేజీ కలిపాం. ఎవరు రాశారు, ఏ ఉద్యోగంలో ఉండి రాశారు, ఆ రోజుల్లో ఏ చట్టం అమల్లో ఉంది, ఇందులో ఏది పనికొస్తుంది, ఏ మాటను నమ్మకూడదు, ఎందుకు నమ్మకూడదు. పది పన్నెండు వాక్యాలే. తెలుగులో, పిల్లలకు తెలిసే మాటల్లో. థర్‌స్టన్ పుస్తకం ముందు పేజీలో, ఆయన మనుషుల ముక్కులు, తలలు కొలిచి జాతులను లెక్కగట్టినవాడని రాశాం. ఆ పేజీ ముసాయిదా రాసినది ఆ ఇంటర్ అమ్మాయే. జాబితాలో శీర్షికలు కూడా మావే. నేరస్థ తెగలు అనే శీర్షిక మా దగ్గర లేదు. ఆ చట్టం గురించిన పుస్తకాలు మామీద పెట్టిన చట్టాలు అనే శీర్షిక కింద ఉంటాయి.

పుస్తకాలు సర్దడం గుమస్తా పని అనుకునేవాళ్లకు ఇది చెప్పాలనిపిస్తుంది. ఏ పుస్తకాన్ని ఏ పేరు కింద పెట్టామో ఆ పేరుతోనే రేపటి బిడ్డ దాన్ని చదవడం మొదలుపెడతాడు.

ఎట్లా సర్దుతున్నాం

ఇక చేతిపని గురించి. చాలామంది ఉపాధ్యాయులు అడుగుతున్నారు కాబట్టి ఉన్నది ఉన్నట్టు చెబుతాం. ఇందులో గొప్ప సాంకేతిక విద్య ఏమీ లేదు. స్టాక్ రిజిస్టరు రాయడం వచ్చినవాళ్లెవరైనా చేయగలరు.

తల్లి ప్రతి ఒక్కటే. అది ఒక లాప్‌టాప్‌లో ఉంటుంది. కొత్త పుస్తకం ఎవరికి దొరికినా ముందు అక్కడికే వస్తుంది. పేరు పెట్టడం, నంబరు ఇవ్వడం అక్కడే. మిగిలిన ఫోన్లలో, ట్యాబుల్లో, పెన్‌డ్రైవుల్లో ఉన్నవన్నీ పిల్ల ప్రతులు. పిల్ల ప్రతిలో మార్పులు చేయం. ఈ ఒక్క కట్టుబాటుతో, ఒకే పుస్తకం ఐదు పేర్లతో ఐదు చోట్ల తిరగడం ఆగిపోయింది.

పేరు పెట్టే వరస ఇది. ముందు మా నంబరు, తర్వాత పుస్తకం పేరు, రచయిత, సంవత్సరం. సంపుటాలుంటే సంపుటం అంకె. తేదీ రాయాల్సి వస్తే ముందు సంవత్సరం, తర్వాత నెల, తర్వాత రోజు. అట్లా రాస్తే ఫోను తనంతట తానే పాతది ముందు, కొత్తది వెనక వరసగా చూపిస్తుంది. నంబర్లు నాలుగు అంకెల్లో, ఒకటిని సున్నా సున్నా సున్నా ఒకటి అని రాస్తాం. లేకపోతే కొన్ని ఫోన్లలో పదో నంబరు రెండో నంబరు కంటే ముందుకొచ్చి కూర్చుంటుంది.

జాబితా ఒక స్ప్రెడ్‌షీట్. దాని నకలు చేతిరాత నోటుపుస్తకంలో కూడా ఉంటుంది. నంబరు, పేరు, రచయిత, ఏ పెట్టె, ఏ తరగతి పిల్లలకు పనికొస్తుంది, ఎన్ని ఎంబీ, ఎక్కడి నుంచి వచ్చింది, ఎవరికైనా ఇవ్వొచ్చా లేదా, పేజీలు స్పష్టంగా ఉన్నాయా, అక్షరాలు వెతికితే దొరుకుతాయా. లాప్‌టాప్‌లో క్యాలిబర్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ కూడా వాడుతున్నాం. 2006లో కోవిద్ గోయల్ మొదలుపెట్టినది. అట్టబొమ్మలతో సహా పుస్తకాలన్నీ చూపిస్తుంది, రచయిత పేరుతోనో ట్యాగుతోనో వెతకనిస్తుంది, ఒక రకం ఫైలును ఇంకో రకానికి మారుస్తుంది. కానీ అది లేకపోయినా పని ఆగదు. జాబితా లేకపోతే ఆగుతుంది.

ఫైళ్ల రకాల గురించి తెలిసి ఉండాలి. స్కాన్ చేసిన పీడీఎఫ్ అంటే ఫొటోల కట్ట. ఒక్క పుస్తకం యాభై, నూరు ఎంబీ దాటిపోతుంది. అందులో మాట వెతికితే దొరకదు. ఫోను తెరమీద పేజీని అటూ ఇటూ జరుపుకుంటూ చదవాలి. అదే పుస్తకం యూనికోడ్ అక్షరాల్లో, ఈపబ్ రూపంలో ఉంటే బొమ్మలు లేనప్పుడు ఒకటి రెండు ఎంబీ కూడా ఉండదు. అక్షరం పెద్దది చేస్తే వాక్యాలు తెరకు తగ్గట్టు సర్దుకుంటాయి. తెలుగు వికీసోర్సులో పుస్తకాలు ఇట్లా ఈపబ్‌గా దించుకోవచ్చు. యూనికోడ్‌లో తెలుగు 1991 నుంచే ఉన్నా మన అచ్చు పని చాలాకాలం అను వంటి పాత ఫాంట్లతోనే నడిచింది. ఆ పుస్తకాల పీడీఎఫ్‌లో చూడ్డానికి తెలుగే, కాపీ చేస్తే మాత్రం అర్థంకాని గుర్తులు వస్తాయి. అందుకే గిరిజన రచయితలకు మా విన్నపం ఒకటి. పుస్తకం అచ్చుకు ఇచ్చే రోజే యూనికోడ్ ప్రతి ఒకటి దాచిపెట్టండి. తర్వాత ఎవరూ తిరిగి టైపు చేయరు.

సుగ్గి సంచికి మేము పెట్టుకున్న హద్దు ఐదువందల ఎంబీ. చిన్న ఫోన్లలో వాట్సాప్ ఫొటోలు పోను మిగిలే తావు అంతే. తావు చాలకపోతే ఇంట్లోవాళ్లు మొదట తీసేసేది పుస్తకాలనే అని మాకు తెలుసు. అందుకని స్కాన్ పుస్తకాలను తరగతికి కావలసిన పాఠాలవరకే విడదీసి, సైజు తగ్గించి పెడతాం. ఫైళ్లు ఎక్కించడానికి ఓటీజీ పెన్‌డ్రైవు చాలు.

ప్రతుల విషయంలో ఫొటోగ్రాఫర్లు చెప్పే లెక్క ఒకటి ఉంది. మూడు ప్రతులు, రెండు రకాల వస్తువుల మీద, ఒకటి వేరే తావులో. మాకు లాప్‌టాప్‌లో ఒకటి, హార్డ్‌డిస్కులో ఒకటి, గూగుల్ డ్రైవ్‌లో ఒకటి. డ్రైవ్‌లో ఉచితంగా ఇచ్చేది పదిహేను జీబీ. అందుకని అక్కడ మూడో పెట్టె అంతా, మిగిలిన రెండింటిలో బయట ఎక్కడా దొరకనివి మాత్రమే పెట్టాం. హార్డ్‌డిస్కు వేరే ఊళ్లో వేరే మాస్టారి ఇంట్లో ఉంటుంది. పెన్‌డ్రైవు, మెమరీ కార్డు చెప్పకుండా చెడిపోతాయి. ఏప్రిల్‌లో బీరువా పుస్తకాల లెక్క చూసే రోజే ఈ ప్రతుల లెక్క కూడా చూస్తాం. నంబరు నంబరూ తెరిచి చూస్తాం. తెరుచుకోనిది ఉంటే ఇంకో ప్రతి నుంచి తెచ్చి పెడతాం.

ఇవ్వొచ్చా, ఇవ్వకూడదా

జాబితాలో ఎవరికైనా ఇవ్వొచ్చా అనే గడి చిన్నది గానీ బరువైనది. మన దేశంలో కాపీరైటు రచయిత బతికున్నంత కాలం, ఆ తర్వాత అరవై ఏళ్లు ఉంటుంది. థర్‌స్టన్ 1935లో చనిపోయాడు. ఆయన పుస్తకం ఎప్పుడో అందరిదీ అయింది. చెంచుల మీద 1943లో పుస్తకం రాసిన హైమెన్‌డార్ఫ్ 1995లో చనిపోయాడు. ఆ లెక్కన దానికి 2055 దాకా హక్కులు ఉంటాయి. చెంచు మాస్టారు దగ్గర ఉన్నది కొన్న పుస్తకం. చదవాలంటే ఆయన ఇంటికి పోయి చదువుకోవాలి.

మనవాళ్ల పుస్తకాల దగ్గర ఇంకా జాగ్రత్త కావాలి. గిరిజన రచయిత అప్పు చేసి ఐదువందల ప్రతులు వేసుకుంటాడు. దాన్ని మనమే స్కాన్ చేసి గుంపుల్లో పెడితే అభిమానంతో చేసినట్టే ఉంటుంది, ఆ అప్పు మాత్రం ఆయన మీదే ఉంటుంది. జాబితాలో ఆ పుస్తకం పేరు ఉంటుంది, ఎక్కడ కొనాలో ఉంటుంది, ఫైలు ఉండదు. రచయిత సంతోషంగా ఇచ్చినప్పుడే ఉంటుంది.

మూడో పెట్టెకు చట్టం కంటే మర్యాద ముఖ్యం. ఎవరు చెప్పారు, ఏ తండా, ఏ తేదీ, ఎవరికి వినిపించవచ్చు, అన్నీ వాళ్లను అడిగి రాసుకుంటాం. హోలీ రోజుల్లో పాడే లేంగీలు ఎవరైనా వినొచ్చు అన్నారు. పెళ్లిలో ఆడబిడ్డ ఏడుస్తూ పాడే ఢావ్లో పాడమని ఒక అవ్వను అడిగితే, ఊరికే కూర్చొని దాన్ని పాడకూడదు నాయనా అంది. మేము ఒత్తిడి చేయలేదు. జాబితాలో ఆమె పేరుకు ఎదురుగా ఆ మాటే రాసిపెట్టాం. తర్వాత వచ్చేవాళ్లు ఆ పాట ఎందుకు లేదో తెలుసుకుంటే చాలు.

మిగిలిన పని

కర్నూలులో పుట్టిన గాడిచర్ల హరిసర్వోత్తమరావు వంటివాళ్లు గ్రంథాలయోద్యమం నడిపిన రోజుల్లో పుస్తకాన్ని మనిషి దగ్గరికి తీసుకుపోవడమే లక్ష్యం. 1935లో పాతూరి నాగభూషణం కృష్ణా కాలువల మీద పడవలో పుస్తకాలు పెట్టి ఊరూరికీ పంపాడు. కాలువలున్న తావులో పడవ పోయింది. మా తండాలకు కాలువ లేదు. మనుషులే నీళ్లున్న చోటికి పోతున్నారు. వాళ్ల జేబులో ఫోను పోతోంది. పుస్తకం దానిమీద ఎక్కితే చాలు, చేను గట్టుదాకా చేరుతుంది.

మా మూడు పెట్టెల్లో ఇవాళ మొదటిదే పెద్దది. ఇతరులు మన గురించి చాలా రాశారు. రెండోది పెరుగుతోంది. మూడోది అన్నిటికంటే చిన్నది. ఉమ్మడి రాష్ట్రంలో 2004 ప్రాంతంలో ఎనిమిది గిరిజన భాషల్లో పిల్లలకు వాచకాలు తయారుచేశారు. బంజారా అందులో ఒకటి. తెలుగు లిపిలో వేశారు. మాకు దొరికిన కొన్నిటిని స్కాన్ చేసి పెట్టుకున్నాం. వాటికి తోడు మా తండాల మాటలు, ఎద్దుల పేర్లు, గడ్డి రకాలు, కరువు ఏళ్ల కథలు చేర్చాలి. అవి తెలిసినవాళ్లు డెబ్బై దాటినవాళ్లు.

మీ దగ్గర ఫోను ఉంది. ఈ వారం ఒక పెద్దమనిషి దగ్గర కూర్చొని పది నిమిషాలు రికార్డు చేయండి. ఆ రాత్రే ఫైలుకు పేరు పెట్టండి. చెప్పినవాళ్ల పేరు, తండా పేరు, తేదీ, దేని గురించి. ఒక నోటుపుస్తకంలో మొదటి గీత గీసి నంబరు ఒకటి అని రాయండి. ఇంకొక ప్రతి ఇంకొకరి ఫోన్లో పెట్టండి. రెండో నంబరు పక్కింట్లోనే దొరుకుతుంది.